కలకత్తాలో మాకు కలిసొచ్చిన సోమవారం

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



2025 జనవరిలో మేము కలకత్తా వెళ్ళొచ్చాము. కాగితాల మీద ఆ ఊరి పేరు 2001 నుంచీ కోల్‌కతా. కాని మా ఇంట్లో అందరి నోటికీ కలకత్తాయే అలవాటు. అంచేత నేనూ అలాగే అంటాను, ఏమీ అనుకోకండి.

విహారయాత్ర అనగానే ఇంట్లో అందరికీ హుషారు పుడుతుంది. మనకు మాత్రం ముందు పులిహోర గుర్తొస్తుంది. కందిపొడి, ఆవకాయ సీసా, తలనొప్పి మాత్రలు, పిల్లవాడి స్వెట్టరు, తాళంచెవులు, పాలవాడికి చెప్పడం, తులసికోటకు నీళ్ళు పోసే మనిషిని కుదుర్చుకోవడం... ఇవన్నీ అయ్యేసరికి రైలు ఎక్కకముందే సగం ప్రాణం పోతుంది. తీరా ఊరు చేరాక సామాను దగ్గర కూర్చునేది ఎవరు? మనమే. మీకిది కొత్త సంగతేమీ కాదు. కాని ఈసారి నేను చెప్పబోయేది నా కష్టాల గురించి కాదు. నేను చేయబోయి తప్పించుకున్న ఒక పొరపాటు గురించి.

మా అత్తగారికి డెబ్బై ఆరేళ్ళు. మోకాళ్ళ నొప్పులు. కలకత్తా ప్రయాణం అనుకున్నప్పుడు ఆవిడను మా ఆడపడుచు ఇంట్లో దింపి వెళ్దామని సలహా ఇచ్చింది నేనే. ఆవిడ సుఖం కోసమే అన్నట్టు మాట్లాడాను గాని, నిజం చెప్పొద్దూ, నా సుఖం కోసమే. పిల్లవాణ్ణి చూసుకోనా, సామాను చూసుకోనా, ఆవిడను చూసుకోనా అని. మావారు సరేనన్నారు. అత్తగారు కూడా ఏమీ అనలేదు. ఆ రాత్రి అన్నం దగ్గర మాత్రం, "ఖరగ్‌పూర్ మీదుగానేనా రైలు పోయేది?" అని ఒక్క మాట అడిగారు. అంతే.

ఆ మాట వెనకాల ఉన్న కథ నాకు తెలియనిది కాదు. మా మామగారు రైల్వే ఉద్యోగి. 1968 నుంచి 1974 దాకా ఖరగ్‌పూర్‌లో పనిచేశారు. రైల్వే పుణ్యమా అని ఆ ఊళ్ళో తెలుగు కుటుంబాలకు కొదవ లేదు. పెళ్ళయిన కొత్తలో అత్తగారు కాపురానికి వెళ్ళింది అక్కడికే. మావారు పుట్టిందీ అక్కడే. ఖరగ్‌పూర్ నుంచి హౌరాకు రైల్లో సుమారు 115 కిలోమీటర్లు. మామగారు ఆఫీసు పని మీద నెలకోసారైనా కలకత్తా వెళ్ళి వచ్చేవారట. వచ్చేటప్పుడు సందేశ్ మిఠాయి తెచ్చేవారట. "వచ్చే నెల నిన్నూ తీసుకెళ్తాను" అనేవారట. వచ్చే నెల చంటిపిల్లవాడు. ఆపై నెల ఊరి నుంచి చుట్టాలు. ఆ తరవాత అత్తగారి అత్తగారు మంచాన పడ్డారు. అలా ఆరేళ్ళూ గడిచిపోయి బదిలీ అయింది. ఆవిడకు కలకత్తా అంటే ఆ మిఠాయి పొట్లం, మామగారు చెప్పిన కబుర్లు, ఇంకా శరత్‌బాబు నవలలు.

శరత్‌బాబు అంటే గుర్తొచ్చింది. ఆయన తెలుగువాడు కాదని నాకు పదో తరగతిలో గాని తెలియలేదు! మీలోనూ చాలామందికి అలాగే అయివుంటుంది. 1953 నాటి "దేవదాసు", 1957లో వచ్చిన "తోడికోడళ్ళు", 1961లో వచ్చిన "బాటసారి" అన్నీ ఆయన కథలే కదా. మనవాళ్ళు ఆయనను అంతగా మన ఇంట్లో మనిషిని చేసేసుకున్నారు. మన సినిమాకూ కలకత్తాకూ ఉన్న చుట్టరికం ఇంకా పాతది. సి. పుల్లయ్యగారు 1934లో తీసిన "లవకుశ"ను కలకత్తా కంపెనీయే నిర్మించింది.

సరే, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి, "అత్తయ్యగారూ, మీరూ వస్తున్నారు, బట్టలు సర్దుకోండి" అన్నాను. ఆవిడ వెంటనే ఒప్పుకోలేదు. "నాకెందుకే అమ్మాయ్, మీకు అడ్డం" అన్నారు. ఆ "అడ్డం" అన్న మాట సూటిగా నాకే తగిలింది.

ఆదివారం మధ్యాహ్నం రైలు ఖరగ్‌పూర్‌లో ఆగింది. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారం అక్కడిదేనని చెప్పుకునేవారు. కిలోమీటరు పైమాటే. తరవాత 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దాన్ని మించిపోయాయి. అత్తగారు కిటికీ ఊచలు పట్టుకుని అటే చూస్తూ కూర్చున్నారు. దిగుతారా అని అడిగాను. అక్కర్లేదన్నారు. రైలు కదిలి హౌరా చేరేవరకూ ఏమీ మాట్లాడలేదు. చేరాక చేతి గడియారం చూసుకుని, "మూడు గంటలు కూడా పట్టలేదే!" అన్నారు. కాసేపు ఆగి, "ఆయనకు తీరిక లేదనుకున్నాను ఇన్నాళ్ళూ" అన్నారు.

మావారు విననట్టు సామాను దింపుతున్నారు. విన్నారు. నేను చూశాను.

ఇక మావారి సంగతి. ఆయన ఒక పట్టిక తయారుచేశారు. ఉన్నది మూడు రోజులు, చూడవలసినవి పద్నాలుగు. ఏది ఎన్ని గంటలకు, ఎక్కడ ఎంతసేపు, అన్నీ రాసి పెట్టుకున్నారు. సోమవారం పొద్దున విక్టోరియా మెమోరియల్, మధ్యాహ్నం మ్యూజియం. హోటల్లో టీ తెచ్చిన కుర్రవాడు ఆ మాట విని నవ్వాడు. సోమవారం విక్టోరియా మెమోరియల్ లోపలి గదులూ మూతే, మ్యూజియమూ మూతేనట! మావారు గంటలు చూసుకున్నారు గాని వారం చూసుకోలేదు. మీరెవరైనా వెళ్ళేటట్టయితే ఈ సోమవారం సంగతి కొంగున ముడి వేసుకోండి.

మావారి ముఖం వాడిపోయింది. మా అబ్బాయి మళ్ళీ దుప్పటి ముసుగెట్టాడు. అప్పుడు నేను అత్తగారి వైపు తిరిగి, "మీకేం చూడాలనుంది?" అని అడిగాను. ఇంత ప్రయాణం చేసి, అప్పటిదాకా ఆ ప్రశ్న ఆవిడను ఎవరూ అడగలేదు సుమండీ! "వంతెన మీద నడవాలి" అన్నారావిడ ఠక్కున. చాలా ఏళ్ళుగా సిద్ధంగా పెట్టుకున్న జవాబులా ఉంది.

మోకాళ్ళ నొప్పులు కదా, వెళ్ళేటప్పుడు టాక్సీలో వంతెన దాటాం. పసుపురంగు అంబాసిడరు కారు. ఆ బండ్లు ఏటికేడూ తగ్గిపోతున్నాయట, దొరకడం మా అదృష్టం. అవతలి గట్టున వంతెన పక్కనే మల్లిక్ ఘాట్ పూల బజారుంది. అమ్మలారా, పూలంటే అవీ! బంతిపూల దండలు మోకుల్లా చుట్టలు చుట్టి, మనుషులు నెత్తిన పెట్టుకుని పరుగులు తీస్తుంటారు. కింద బురద, పైన పసుపు, నారింజ రంగులు. మా అత్తగారు ఒకతని దగ్గర ఆగి, నా జడలోకి మూర పూలు కొందామని చూశారు. అక్కడ మూరల లెక్క ఎవరికి కావాలి? అన్నీ గుత్తలే. అప్పుడు జరిగిందండీ వింత. ఆవిడ నోటి వెంట, "కోతో?" అని వచ్చింది. అంటే ఎంత అని. ఆ పూలతను ఏదో చెప్పాడు. ఈవిడ ఏదో అన్నారు. అతను నవ్వి, "మాషిమా" అంటూ ఒక చిన్న దండ తెంపి చేతిలో పెట్టాడు. మాషిమా అంటే పిన్ని అన్నమాట. యాభై ఏళ్ళ కిందట ఖరగ్‌పూర్‌లో పక్కింటివాళ్ళతో, కూరగాయలవాళ్ళతో మాట్లాడిన బెంగాలీ అది. ఉందని ఆవిడకే తెలియదట. నాకు, మావారికి అసలే తెలియదు. ఆ క్షణం నుంచి మా అందరికీ ఆవిడే గైడు.

తిరిగి వచ్చేటప్పుడు వంతెన మీద నడిచాం. హౌరా వంతెన 1943లో తెరిచారు. 1965లో రవీంద్ర సేతు అని పేరు పెట్టారు గాని ఎవరినడిగినా హౌరా వంతెనే అంటారు. దానికి నట్లూ బోల్టులూ లేవు, ఉక్కు ముక్కలన్నీ రివెట్లతో బిగించినవే. వాడిన ఉక్కు 26,500 టన్నులు. అందులో 23,000 టన్నులు టాటా కంపెనీదే. రెండు గట్ల దగ్గరా రెండు పెద్ద గోపురాలు నిలబెట్టి వాటి మీద మోయించారు. నదిలో మధ్య ఎక్కడా స్తంభం కనిపించదు. ఇంత ఘనమైన వంతెనకూ ఒక జబ్బు పట్టుకుంది, ఏమిటనుకున్నారు? కిళ్ళీ ఉమ్ము! దారిన పోయేవాళ్ళు ఉమ్మే ఉమ్ముకు కమ్ముల మొదళ్ళు తినేస్తుంటే, పాడవకుండా ఫైబర్ గ్లాసు తొడుగులు వేశారు. ఉక్కునే తినే ఉమ్ము నోట్లో ఏం చేస్తుందో, మీ ఇంట్లో కిళ్ళీ అలవాటున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ సంగతి చెప్పి చూడండి.

ముప్పావుగంట పట్టింది దాటడానికి. నాలుగుసార్లు ఆగాం. మా అబ్బాయి విసుక్కోకుండా బామ్మ చెయ్యి పట్టుకుని నడిచాడు. మధ్యలో ఒకచోట కమ్మీని ఆనుకుని నిలబడి, "మీ తాతగారు ఇటు నడిచేవారో, అటు పక్కనో" అన్నారావిడ. మా అబ్బాయి పుట్టకముందే పోయారు మా మామగారు. వాడు నిజంగానే ఆలోచించి, "స్టేషన్లోంచి వస్తే ఇటే దగ్గర కదా బామ్మా" అన్నాడు. ఆవిడకు ఆ జవాబు నచ్చింది.

ఆ మధ్యాహ్నం లాంచీ ఎక్కాం. హౌరా ఘాట్ నుంచి లాంచీలు నది అవతలికీ, ఎగువకీ తిరుగుతూనే ఉంటాయి. టిక్కెట్టు కొద్ది రూపాయలే. కలకత్తా చూడటానికి అంతకన్నా చవకైన, అందమైన దారి లేదనిపించింది నాకు. వంతెన కింది నుంచి వెళ్తూ తలెత్తి చూస్తే అప్పుడు తెలుస్తుంది అదెంతో. గట్టు పొడుగునా పాత గిడ్డంగులు, మెట్లు, మెట్ల మీద స్నానాలు చేసేవాళ్ళు, బట్టలు ఉతికేవాళ్ళు. నదిని వాళ్ళు హుగ్లీ అని లెక్కల్లో రాసుకుంటారు గాని నోటితో గంగ అనే అంటారు. అత్తగారు లాంచీలోంచి దిగేటప్పుడు వంగి మెట్టు మీద నీళ్ళు మూడుసార్లు తల మీద చల్లుకున్నారు.

దిగింది శోభాబజార్ వైపు. అక్కడికి దగ్గరే కుమార్‌తులి, అంటే కుమ్మరివాడ. దుర్గమ్మ విగ్రహాలు చేసేది అక్కడే. కలకత్తా దుర్గాపూజకు 2021 డిసెంబరులో యునెస్కో గుర్తింపు వచ్చింది కదా, ఆ సంబరమంతా పుట్టేది ఈ ఇరుకు సందుల్లోనే. మేము వెళ్ళింది వసంత పంచమి ముందు. ఎటు చూసినా సరస్వతులే! వెదురు కర్రలకు వరిగడ్డి కట్టి మనిషి ఆకారం తెస్తారు, దాని మీద గంగమట్టి పూస్తారు. ఇంకా కళ్ళు దిద్దని సరస్వతులు, తలలు పెట్టవలసిన సరస్వతులు, ఎండలో ఆరుతున్న హంసలు. సందు ఎంత ఇరుకంటే రెండు విగ్రహాల మధ్య నుంచి పక్కకి తిరిగి నడవాలి. ఒక పెద్దమనిషి వేలితో మట్టి అద్ది ముక్కు తీరుస్తున్నాడు. అత్తగారిని చూసి పక్కనున్న పీట జరిపి, "బోషున్" అన్నాడు. కూర్చోమని. ఆవిడ అక్కడ అరగంట కూర్చున్నారు. మావారి పట్టికలో కుమార్‌తులి పేరే లేదు.

సాయంకాలం కాలేజ్ స్ట్రీట్. రోడ్డు పొడుగునా పుస్తకాల దుకాణాలే, చిన్న చిన్న బడ్డీలు, పైకప్పు దాకా పేర్చిన పుస్తకాలు. అత్తగారు ఒక బడ్డీ దగ్గర "శరత్‌బాబు" అన్నారు. అతను "శరత్‌చంద్ర?" అని ఒక కట్ట ముందు పెట్టాడు. "పరిణీత" కొన్నారు, పల్చటి పుస్తకం. ఆవిడకు బెంగాలీ మాట్లాడటం వచ్చు గాని చదవటం రాదు. ఎందుకండీ అని నోటి దాకా వచ్చి ఆగిపోయాను. మనం చదవని పుస్తకాలు కొనమా? కట్టని చీరలు కొనమా?

పక్కనే మెట్లెక్కితే పేరుమోసిన కాఫీ హౌసు. పొడుగాటి హాలు, పంకాలు, తలపాగాలు చుట్టుకున్న సర్వర్లు, గంటల తరబడి వాదించుకునే కుర్రకారు. పాలు లేని కాఫీని అక్కడ ఇన్‌ఫ్యూజన్ అంటారు. అత్తగారు ఒక గుక్క తాగి, "దీనికన్నా మన రెండో డికాషను నయం" అని కప్పు మావారి వైపు నెట్టేశారు. ఆ ఊళ్ళో ఆవిడకు నచ్చనిది అదొక్కటే. టీ మాత్రం మట్టి ముంతలో తాగి, ఆ ముంత పారేయడానికి మనసొప్పక సంచీలో వేసుకున్నారు.

తరవాతి రెండు రోజులూ మావారి పట్టిక ప్రకారమే తిరిగాం. విక్టోరియా మెమోరియల్ 1921లో తెరిచారు, పాలరాయి మక్రానా నుంచి తెచ్చారు, తాజమహలుకు వాడిన రాయీ అదే. బయట తోటలో కూర్చుంటే హాయిగానే ఉంది. లోపల తెల్లదొరల బొమ్మలు చూసి చూసి మా అబ్బాయి ఆవలించాడు. 1814లో పెట్టిన మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది, పిల్లలకు అది చాలు. దక్షిణేశ్వరం మాత్రం తీరికగా చూడండి. ఆ గుడి కట్టించింది రాణీ రాస్మణి. భర్త పోయాక జమీ వ్యవహారాలన్నీ స్వయంగా నడిపిన ఇల్లాలు. 1855లో ప్రతిష్ఠ జరిపించింది. ఆవిడ కులం తక్కువని అర్చకత్వానికి బ్రాహ్మలు వెనుకాడితే, ఒప్పుకున్నవారు రామకృష్ణ పరమహంసగారి అన్నగారు. ఆ పిమ్మట పరమహంస అక్కడే ఉండిపోయారు. అందరూ పరమహంస గుడి అంటారు గాని, ఒక ఆడమనిషి పట్టుదల లేకపోతే ఆ గుడే లేదు.

మన దేశంలో మొట్టమొదటి మెట్రో రైలు 1984లో నడిచింది ఆ ఊళ్ళోనే. 2024 మార్చి నుంచి నది కింద కూడా నడుస్తోంది. సుమారు 520 మీటర్లు నీటి అడుగున సొరంగం. ఒక నిమిషం కూడా పట్టదు. "ఇప్పుడు గంగ కింద ఉన్నాం బామ్మా" అని మా అబ్బాయి చెబితే, ఆవిడ చెప్పులు విడిచి కాళ్ళు పైకి పెట్టుకున్నారు. గంగ మన కిందేం లేదు, మన పైన ఉందని చెప్పినా దించలేదు.

ట్రాము కూడా ఎక్కాం. 1873లో గుర్రాలతో మొదలైన బండి, 1902 నుంచి కరెంటుతో నడిచింది. 2024 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం, ఒక్క మైదానం–ఎస్ప్లనేడ్ దారి తప్ప తక్కినవి ఆపేస్తామని ప్రకటించింది. నగరవాసులు చాలామంది బాధపడుతున్నారు. నాకూ బాధే అనిపించింది. వయసు మళ్ళినవాళ్ళు తీరుబడిగా ఎక్కి దిగే బండి అది. తొందరగా పోదు. పోకపోతే ఏం?

భోజనం సంగతి చెప్పకపోతే మీరు ఊరుకోరు. శాకాహారులకు మొదటి రోజు ఆవనూనె వాసన గుప్పున కొడుతుంది. రెండో రోజుకు అలవాటవుతుంది. పూరీల్లాంటి లూచీలు, బంగాళాదుంపల కూర ఎక్కడైనా దొరుకుతాయి. మట్టి ముంతలో గట్టిగా తోడుకున్న తీపి పెరుగు తినకుండా రాకండి. చలికాలంలో వెళ్తే "నలేన్ గుడ్" సందేశ్ అడగండి. అదేమిటో కాదు, మన ఈత చెట్టు నీరా కాచి తీసిన కొత్త బెల్లం. ఆ వాసనే వేరు. అత్తగారు ఒక ముక్క నోట్లో వేసుకుని, "ఇదే. ఇదే తెచ్చేవారు" అన్నారు. పొట్లం అట్టపెట్టెగా మారింది గాని రుచి మారలేదట.

పద్నాలుగింట్లో మేము చూసినవి ఎనిమిది. తిరుగు రైల్లో మావారు మిగతా ఆరూ లెక్కపెట్టుకుంటుంటే, అత్తగారు, "ఒరే, మీ ఆవిణ్ణి కొండపల్లి కోటకు ఎప్పుడైనా తీసుకెళ్ళావురా?" అని అడిగారు. మేముండేది విజయవాడలో. కొండపల్లి మాకు ఇరవై కిలోమీటర్లయినా లేదు. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. మావారు, "వచ్చే నెల..." అని అందుకుని, అక్కడే ఆగిపోయారు. వెనకటి సీట్లోవాళ్ళు కూడా తిరిగి చూసేంతగా నవ్వాను. ఆ వచ్చే ఆదివారమే వెళ్ళాం లెండి, నలుగురమూ.

ఒక్క సంగతి చెప్పి సెలవు తీసుకుంటాను. మీరెవరైనా ఆ ఈత బెల్లం తెచ్చుకుంటే నాలా తొందరపడి మరిగే పాలలో వేయకండి. లీటరు పాలూ విరిగిపోయాయి. అన్నం మెత్తగా ఉడికి పాయసం చిక్కబడ్డాక, దించి, కాస్త వేడి తగ్గాక, తురిమిన బెల్లం కలపాలిట. ఈ కిటుకు మా అత్తగారికి ఖరగ్‌పూర్‌లో పక్కింటి బెంగాలీ ఆవిడ చెప్పిందిట, 1970లో.